పన్నెండు నెలల గడువు

పసుపు నోటీసు మేకులతో కొట్టడం నా ఉద్యోగం.
కొట్టే ముందు ఇంటి వయసు తేల్చాలి.

మా రేవు ఊరి నిబంధన ఇది:
డెబ్బై అయిదేళ్ళు నిండిన ఇంటిని
అడక్కుండా పడగొట్టకూడదు.
అడిగితే కమిషన్ వద్దని అనలేదు.
ఆగమంటుంది, పన్నెండు నెలలు.
అంతవరకే దాని చెయ్యి సాగుతుంది.

రోప్‌వాక్ వీధి, పందొమ్మిదో నంబరు.
ఉప్పుగాలికి బూడిదరంగు తేలిన చెక్కపెంకులు.
చెవి సరిగా వినపడని మనిషిలా
సముద్రం వైపు కాస్త ఒరిగి ఉంటుంది ఇల్లు.
డియోలిండా ఫుర్తాదోది. బడి వంటశాలలో
ఇరవై రెండేళ్ళు గరిటె తిప్పి
మోకాళ్ళు అరగదీసుకుంది.
కొనేవాడికి స్థలం కావాలి, ఇల్లు అక్కర్లేదు.
ఆమెకి మెట్లు లేని గది ఒకటి చాలు.

పన్ను చిట్టాలో కట్టిన ఏడు పక్కన "సుమారు" అని ఉంది.
ఆ సుమారు ప్రకారం
డెబ్బై నాలుగేళ్ళ పది నెలలు.
రెండు నెలల్లో కూల్చేస్తే నా మేకులతో పనే లేదు.

నేలమాళిగలో ఆమె టార్చి పట్టుకుంది.
గోడ చెక్క ఒకటి ఊడి ఉంటే చెయ్యి పెట్టాను.
చలి ఆగడానికి కుక్కిన ఎండు సముద్రపు గడ్డి,
దాని వెనక ఒక పోర్చుగీసు పత్రిక.
తేదీ, ఆ సుమారుకి పద్ధెనిమిదేళ్ళ ముందుది.
నాకు ఆ భాష రాదు, ఆమే చదివింది:
దీవుల నుంచి ఓడ వచ్చింది, ఇరవై ఆరుగురు దిగారు.
దీపాల నూనె ధర తగ్గింది.
పక్క దూలం మీద వడ్రంగి పెన్సిలు లెక్క,
పదకొండు రోజుల పని, ఇంకా రెండు డాలర్లు రావాలి.

"ఇది నీ కంట పడలేదనుకోరాదా?" అంది డియోలిండా.
పైన పొయ్యి వెలుగుతూనే ఉంది.
నేను జవాబు చెప్పలేదు.
ఆమె మళ్ళీ అడగలేదు.
ఆకుకూర సూపు పోసింది. తాగాను.
పత్రిక నా కోటు జేబులో ఉంది.

మంగళవారం సాయంత్రం, టౌన్ హాల్ మేడ మీద
కమిషన్ అధ్యక్షుడు ఆల్డెన్ త్వింగ్
కిటికీ అద్దాల్లోని బుడగల గురించి మాట్లాడాడు.
బాగా మాట్లాడాడు, అబద్ధమేమీ లేదు.
ఆ అద్దంలోంచి చూస్తే వీధి నిజంగానే
నీళ్ళలో ఉన్నట్టు కదులుతుంది.
డియోలిండా ఒక్కటే అడిగింది:
"ఈ పన్నెండు నెలలూ మీ బుడగలకి చలేస్తే
హీటర్లో నూనె ఎవరు పోస్తారు?"
మినిట్స్‌లో నేను ఇలా రాశాను:
"హీటింగ్ గురించి ఒక ప్రశ్న."
అయిదుగురూ చేతులెత్తారు.
మర్నాడు పొద్దున్నే నాలుగు మేకులు.

నాలుగో నెలలో కొనేవాడు మాట తప్పాడు.
ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి మెట్లవరసకి బొమ్మ గీసుకున్నారు.
ఇల్లు నిలబెడతానని ఎవరూ రాలేదు.
ఫిబ్రవరిలో గొట్టాలు పగిలాయి,
ఆమె మంచం వంటింట్లోకి మారింది.
ఆ నెలలోనే ఆఫీసుకి వచ్చి
పత్రికకి నకలు కావాలంది.
పేజీకి పావు డాలరు, నిబంధన ప్రకారం.
తీసుకున్నాను.

ఏడు తిరిగిన మర్నాడు
ఇంకో కొనుగోలుదారు, ఇంకా తక్కువ ధర, యంత్రం.
నలభై నిమిషాలు పట్టింది.
రెండు డాలర్ల దూలం కోసం కుప్పలో వెతికాను.
అన్ని దూలాలూ ఒకేలా విరిగాయి.

పక్కింటి గోడకి మొదటిసారి ఎండ తగిలింది.
ఏ రంగుబ్రష్షూ దూరని ఆ సందులో
పాత ఆకుపచ్చ అలాగే మిగిలి ఉంది,
మిగతా మూడు వైపులా తెలుపు.
ఆ ఇంటాయన సిల్వెరియో చొక్కా గుండీలు పెట్టుకుంటూ
బయటికొచ్చి నిలబడ్డాడు.
"నా ఇల్లు ఈ రంగని నాకు తెలీదు."

కాసేపయ్యాక నా సుత్తి వైపు చూశాడు.
"దీని వయసెంతో కాస్త చూస్తావా?"

లోపలికి పోతూ, గుమ్మంలోంచే
"వద్దులే" అన్నాడు.