మూడో తుమ్ము

టీవీ ఎన్కకు చెయ్యి పెట్టి తడిమితె గాని
పెన్‌డ్రైవ్ సందు దొరకదు మా ఇంట్ల.
గోడకు గంత దగ్గర బిగించిపోయిండు
ఫిట్టింగుకొచ్చిన పిల్లగాడు.
శృతికయి సన్నచేతులు, దానికే అందుతది.

ఇంకా ఏడు కిస్తీలున్నయి ఈ టీవీకి.
అందుకే దుమ్ము పడనియ్య,
పాత జాకెట్ గుడ్డతోని దినాం తుడుస్త.

మామూలు దినాలల్ల ఫోన్ నెట్టుతోని యూట్యూబు.
బొమ్మ ఆగి చక్రం గిరగిర తిరుగుతాంటె
పిల్లలు దాంతోని తలకాయలు తిప్పుతరు,
నేను ఆ సందుల చిక్కుడుకాయకు ఈనె తీస్త.
ఆదివారం మాత్రం సినిమా.
జగద్గిరిగుట్ట దిగంగనే మొబైల్ షాపు,
ఫయాజ్ యాభై రూపాయలకు మూడు ఎక్కిస్తడు.
"అక్కా, ఒకటి హాల్ ప్రింటు. జర అడ్జస్ట్ కావాలె."

హాల్ ప్రింటంటె వంకర తెర.
ఎడమ దిక్కు నల్లగ ఎవల్దో భుజం.
హీరో ముఖంల నుంచి ఓ తలకాయ లేస్తది,
బాత్రూముకు పోయి మల్ల వస్తది.
మాట ముందుగాల, పెదవి ఎన్కల.
ఈలలు మస్తుంటయి.
చిన్నోడు గూడ ఈలేస్తె
అది టీవీలదో మా ఇంట్లదో తెల్వది.

తల్లి సచ్చిపోయే సీను.
హాలుల సప్పుడు లేదు, మా అర్రల సప్పుడు లేదు.
గప్పుడు తుమ్మిండు ఎవడో.
ఒకటి.
రెండు.
మూడోది జర ఆగి, కుర్చీలదిరేటట్టు,
ఎన్కనే "రాజన్నా, నువ్వే దిక్కు!"

మా ఇంట్ల ఎవలు తుమ్మలే.

పిల్లలు పొర్లి పొర్లి నవ్విన్రు.
"బాపూ, అచ్చం నీ లెక్కనే!"
శృతిక రిమోటు నొక్కి
పది సెకండ్లు ఎన్కకు తీస్కపోయింది.
మల్ల సచ్చింది తల్లి.
మల్ల మూడు తుమ్ములు, మల్ల రాజన్న.
ఈసారి నాకు ఇంకోటి ఇనవడ్డది,
తుమ్ముకు ముందు, స్టీలు డబ్బ మూత.
మా డబ్బకు మూత సొట్ట.
తీస్తె కీచుమంటది, పిల్లి పిల్ల లెక్క.
పదకొండేండ్ల సంది పొద్దుగాల ఆరింటికి
దాన్ని ఒత్తి మూసేది నేను. నాకు తెల్వదా.

సినిమా వచ్చి పది దినాలు.
ఈ పది దినాలు ఆయనకు డబల్ డ్యూటీ,
జీడిమెట్ల కంపిన్ల, గోలీలు పట్టీలల్ల నింపే కాడ.
ఇప్పిన అంగీకి మందు వాసన లేక
ఎన్ని దినాలాయెనో
ఇప్పుడు లెక్కపెడుతున్న.
ఒకటో తారీకు నా చేతిల పెట్టిన జీతం
ఎవలి కాడ తెచ్చిండో.

ఆయన మంచం పట్టె మీద కూసున్నడు.
ముఖం మీద ఎర్రగ, నీలంగ, మల్ల చీకటి.
చూపు తెర మీద లేదు,
టీవీ కింది సిన్న లైటు మీదున్నది.
బయట ఎండ. లోపట ఏసీ.
మూడు గంటలు ఏ దోస్తూ అడగడు
ఏడికి పోతున్నవ్ అని.
ఆ తల్లి సచ్చే కాడ, ఆ చీకట్ల,
నేను కట్టిన పప్పన్నం కలుపుకున్నడు.

"ఇంకోసారి, ఇంకోసారి" అంటుండు చిన్నోడు.
"సాలు, ముందుకు పోనియ్" అన్న.
నా మాట నాకే
పెదవుల కంటె ముందుగాల ఇనవడ్డది.

పిల్లలు పండుకున్నంక బందు చేసిన.
నల్ల అద్దంల ఇద్దరం, చిన్నగ.
జాకెట్ గుడ్డ తీసుకున్న గాని తుడవలే.
"రేపు డబ్బ కట్టాల్నా?" అన్న.

శానసేపు ఫ్యాను సప్పుడే.
ఇగ చెప్పడనుకున్న.

"జర ఎక్కువ పెట్టు" అన్నడు.
"పక్క కుర్చీల మొగిలయ్య ఉంటడు.
ఆయన ఇంట్ల ఇంకా చెప్పలే."