ఉక్కు పట్టకారు

ఆగస్టు, దోహా. రాత్రి పదకొండింటికి బయట నలభై.
తలుపు తీస్తే మొహాన తడిగుడ్డ కప్పినట్టు గాలి.
లోపల, ఈ తెల్ల పీపా అడుగున,
రెండు కెల్విన్లు.
మా వైపు చలంటే పుష్యమాసం తెల్లారుజామున పడవెక్కడం.
ఇది దానికి చుట్టం కూడా కాదు.

హీలియం రాస్ లఫాన్ నుంచి వస్తుంది,
ఎవరితోనూ కలవని వాయువు.
దాన్ని లోపలికి తోసుకొచ్చేది లింబాద్రి,
మోర్తాడ్ మనిషి.
తొమ్మిదేళ్ళు స్టేడియంలకు సలాకలు కట్టి
నడుం పోయాక ఈ పనికి మారాడు.

శాంపిల్ పెట్టేది జూస్ తాగే స్ట్రాలో.
నవ్వకండి. లక్షల రియాళ్ళ యంత్రం,
లోపల వేలాడేది రూపాయి స్ట్రా.
అందులో బియ్యపుగింజంత నల్ల ముక్క:
పాలిస్టైరీన్‌లో కలిపిన గ్రాఫీన్,
రేకు మీద రేకు అంటుకుపోకుండా
మధ్యమధ్య డెండ్రిమర్లు.

డెండ్రిమర్ అంటే నడుమ ఒక ముడి.
ముడికి నాలుగు చేతులు, ప్రతి చేతికీ రెండు,
వాటికి మళ్ళీ రెండేసి.
తరాలంటారు వాటిని. మాది నాలుగో తరం.
పదో తరం దాటాక కొత్త చేతులకు చోటుండదు,
రసాయనమే చేతులెత్తేస్తుంది.

గ్రాఫీన్ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.
అది వల.
భైరవపాలెంలో మా పిన్ని అల్లిన వలకి ఆరు మూలలు లేవు గానీ
కన్ను కన్నే.
ఒకటి తెగితే అందులో వేలు దూర్చి చూపేది:
"చేపకి ముందు తెలిసేది ఇదేనే."
ఒక్క కార్బన్ పోయిన చోట
జత లేని ఎలక్ట్రాన్ మిగులుతుంది.
నిండు వల అయస్కాంతాన్ని చూసి మొహం తిప్పుకుంటుంది.
తిరిగి చూసేది ఆ ఖాళీయే.

జూన్‌లో గీత లూప్ తిరిగింది,
గది వేడిలోనే, అచ్చం ఇనుములా,
వెళ్ళిన దారిన రాకుండా,
ఏదో గుర్తుపెట్టుకున్నట్టు.
డాక్టర్ నుహాద్ బక్లవా తెప్పించింది.
పేపరుకి శీర్షిక కూడా రాసేసుకున్నాం. నా పేరు మూడోది.
స్పెల్లింగులో ఒక అక్షరం తక్కువ, అయినా నాదే.

లింబాద్రే అడిగాడు, మూత బిగిస్తూ:
"మేడం, గా ముక్కను దేనితోని వట్టుకుంటరు?"
చూపించాను. ఉక్కు పట్టకారు. స్విట్జర్లాండ్‌ది, మంచిది.
అలవాటుగా అరచేతులు వాసన చూసుకున్నాడు.
"సలాకలు వట్టుడు బందయి మూడేండ్లాయె.
చెమట వడితే ఇంకా ఇనుము వాసనే."

ఆ రాత్రి ప్లాస్టిక్ పట్టకారు,
కొత్త స్ట్రా, కొత్త ముక్క.
లూప్ లేదు.
గీత తిన్నగా కిందికి వాలింది.
ఉక్కు కొన గీసుకున్నప్పుడు అంటిన
కంటికానని ఇనుము, అంతే.
దానికా మేం బక్లవా తిన్నది.

నుహాద్‌కి ఫోన్ చేయడానికి గంట పట్టింది.
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "మరి మిగిలిందేమిటి?"

పది కెల్విన్ల కింద
గీత చివర కొంచెం తలెత్తుతుంది, అదీ మిగిలింది.
తెగిన కళ్ళ దగ్గర ఒంటరి ఎలక్ట్రాన్లు
పక్కదానితో మాట కలపవు.
అయస్కాంతం పిలిస్తే ఎవరికి వారే తిరుగుతారు,
వదిలేస్తే మరిచిపోతారు.
ఇనుము చూపించినదాంట్లో వెయ్యో వంతు.
శీర్షికకు చాలదు.

నోట్‌బుక్‌లో రాశాను: పట్టకారు మార్చాం.
ఎవరి మాట మీద అనే గడి ఫారంలో లేదు.
మార్జిన్‌లో ఇరికించాను, ఇంకుతోనే:
లింబాద్రి, మోర్తాడ్.

స్ట్రా మళ్ళీ దించాను. తెల్లారేదాకా కొలవాలి.
ఖాళీ పీపా తోసుకుంటూ అతను వరండా చివరికి పోతున్నాడు,
ఒక చక్రం కీచుమంటోంది.