ఒత్తు కింద చోటు

గ్రీమ్స్‌పేటలో జిరాక్సు కొట్టు పైన
నాదొక గది. ఫ్యాను, లాప్‌టాప్, రెండు కుర్చీలు.
రెండో కుర్చీలో ఈ పొద్దు దేశమ్మక్క.
బంగారుపాళెం నుంచి తొమ్మిదింటి బస్సులో వచ్చింది,
ఒళ్లో గుడ్డసంచి, సంచిలో నాలుగు బెల్లం ఉండలు,
కొంగులో ఇంకా పొయ్యి పొగ.

"అంగడి తెరవాలప్పా, ఫోన్లో.
మండీవాళ్లు రంగు చూసి రేటు కడతారు,
నాలిక మీద పెట్టుకోరు."

థీములు చూపించాను.
మొదటిది మంచుగడ్డంత తెలుపు,
నడిమధ్య ఒకే ఒక్క కొవ్వొత్తి,
దాని ధరకు మన దగ్గర గంపెడు బెల్లం వస్తుంది.
"ఇది ఆస్పత్రి" అంది.
రెండోదాంట్లో ఒకమ్మాయి కప్పులోకి చూసి నవ్వుతోంది.
"ఎవురీ పిల్ల?"
ఎవరూ కాదక్కా, నమూనా.
"కింద ఏం రాసుండారు?"
ఏమీ లేదు. చోటు నింపడానికి పెట్టిన మాటలు,
వాటికి అర్థం ఉండదు.
"మా మండీలో అట్టా మాట్లాడేటోళ్లు ఇద్దరుండారు."

మూడోది ఉచితం. దాన్నే తీసుకున్నాం.
డబ్బు పెట్టేదైతే ఆరున్నర వేలు అన్నప్పుడే
ఆమె సంచి ముడి బిగించేసింది.

పేరు టైపు చేశాను: దేశమ్మ బెల్లం.
తెర మీద పడింది: దేశమ బెలం.
ఒత్తులు తెగిపోయాయి.
కింద ఒత్తులు వేలాడని భాష కోసం
ఎక్కడో ఎవరో కట్టిన ఇల్లు ఇది,
నేల మరీ పైకి ఉంది.
మన అక్షరాలకేమో పిల్లల్ని
కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకునే అలవాటు.
వరసకీ వరసకీ మధ్య ఎడం పెంచాను,
ఒకటిన్నర, ఒకటీ ముక్కాలు, రెండు.
మకారం కింద మకారం, లకారం కింద లకారం
ఒక్కొక్కటే దిగి సర్దుకున్నాయి.
దేశమ్మక్క తెరను వేలితో తాకి చూసింది.
"ఇప్పుడు నేనే" అంది.

తరువాత ఫోటోలు. ఆమె తీసినవే.
పెనం, పిప్పి మంట,
బెండకాడల జిగురుకు మడ్డి తేలిన పాకం,
అచ్చులోంచి తీసిన ఉండ, నల్లగా, ఒక పక్క సొట్ట.
థీము తనంతట తానే వెలుతురు పెంచేసింది.
ఉండ బంగారమైపోయింది.
ఇట్లయితే బాగా పోతాయక్కా, అన్నాను.

ఆమె మాట్లాడలేదు.
సంచిలోంచి ఒక ఉండ తీసి తెర పక్కన పట్టింది.
పట్టి, అట్లే ఉంది.
ఫ్యాను తిరుగుతోంది.
కింద జిరాక్సు మిషను కాగితాలు మింగి కక్కుతోంది.

"తెల్లగా కావాలంటే
పాకంలో గుప్పెడు హైడ్రోసు ఏసుంటే పోయేది గదప్పా.
నీదాకా యాల వస్తిని?"

బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

ఆ మీట ఆపేశాను.
రంగుల చట్రం తెరిచి, ఆమె చేతిలోని ఉండను చూస్తూ
గోధుమరంగు నుంచి కిందికి,
కొంచెం ఎరుపు, ఇంకొంచెం నలుపు.
"ఉడకలా."
ఇంకాస్త.
"ఉడకలా."
ఇంకాస్త.
"ఆఁ, దించు."

ఆ రంగుకొక ఆరక్షరాల గుర్తు వచ్చింది.
చీటీ మీద రాసిస్తే
బస్సు చిల్లరతో పాటు కొంగున కట్టుకుంది.

"కార్టులో వేయి" అనే గుండీ "మూట కట్టు" అయింది.
"మా గురించి" అనేచోట ఏం రాయమంటావక్కా అంటే
కాసేపు కిటికీలోకి చూసి
"రంగు చూసి బెదరొద్దు, అని రాయి" అంది.
రెండో వాక్యం అడిగాను. ఇవ్వలేదు.

కూలి కింద మూడు వందలూ, ఆ ఉండా
బల్ల మీద పెట్టి లేచింది.
బిన్నా పోవాల, మధ్యాన్నం పెనం ఎక్కించాల.

రాత్రి దీపం వేస్తే బల్ల నిండా చీమలు.
ఒక బారు తెర మీదికెక్కింది.
నేను అంతసేపు కలిపిన రంగులో
ముందున్న చీమ ఆగి,
మీసాలు రెండుసార్లు ఆడించి,
పక్కకు దిగి
ఉండ దగ్గరకు నడిచిపోయింది.

ఇంకొంచెం ఉడకాలేమో.