కొసరు

వల్పరాయిసోలో, బుధవారం సంతలో,
ముప్పై ఒక్క ఏళ్లు ఉల్లిపాయలమ్మాను.
నా తక్కెడ కొంచెం వంగి ఉండేది,
ఆ వంపు కొనేవాళ్ల వైపు.
కిలో తూచాక ఒకటి పైన వేసేదాన్ని.
మా వైపు దాన్ని యాపా అంటారు,
కొసరు.
అది పడేదాకా ఒటీలియా
సంచీ మూతి మూసేది కాదు,
ఏమీ అనకుండా
నా మొహంలోకి చూస్తూ నిలబడేది.

ఇప్పుడు మోకాళ్లు సంతకి రామంటున్నాయి.
కొండ కింద సూపర్ మార్కెట్టే గతి.
లోపల చలి. ఎవరూ కేకెయ్యరు.
బేరం ఆడదామంటే
ధరల చీటీకి చెవులు లేవు.

నా మనవడు బల్తసార్‌కి ఏడేళ్లు.
పొట్లాల మీద నల్ల ముద్రలు లెక్కపెడతాడు,
ఎనిమిది మూలలవి, సర్కారు వేయించినవి:
చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ, కొవ్వు ఎక్కువ.
వాడికి అవి పతకాలు.
"అమ్మమ్మా, మూడున్నది తీసుకో,
ఒకటున్నది చప్పగా ఉంటుంది."
వాడు చెప్పింది
తప్పని ఎలా అనను?

ఆస్పత్రిలో నర్సు మారిసెల్ మంచి పిల్ల.
వాడి వేలికొన గుచ్చి, అంకె చూసి,
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత కాగితం మీద రాసిచ్చింది:
పళ్లు, కూరలు, చేప.
మందుల చీటీలాగే ఉంది.
ఏ కొట్లో ఊరికే ఇస్తారో మాత్రం రాయలేదు.
కిలో పియర్ పళ్ల డబ్బుతో
నాలుగు బిస్కెట్ పొట్లాలొస్తాయి.
నా పెన్షన్ ఇరవయ్యో తారీఖుకే దగ్గుతుంది.
వాడి అమ్మ, నా కూతురు,
రేవు పక్క గిడ్డంగిలో రాత్రంతా ద్రాక్ష సర్దుతుంది,
ఓడెక్కే ద్రాక్ష.
మచ్చపడ్డ గుత్తి ఒకటి
ఎప్పుడైనా కోటు జేబులో మా ఇంటికొస్తుంది.

మొన్న ఒక పని చేశాను.
బిస్కెట్ పొట్లాన్ని కూరగాయల కాటా మీద పెట్టాను.
నా చేతికి అనుమానం వచ్చింది మరి,
ముప్పై ఒక్క ఏళ్ల చెయ్యి,
అది మర్చిపోదు.
అదే రంగు, అదే అట్ట, అదే ధర.
పోయిన చలికాలానికీ ఇప్పటికీ
పద్నాలుగు గ్రాములు తక్కువ.

"దొంగ తూకం!" అని అరిచాను.
జనం చూశారు.
అక్కడ పనిచేసే అమ్మాయి యానారా పరుగున వచ్చి
పొట్లం తిప్పి, అడుగున చూపించింది,
చీమ కాలంత అక్షరాల్లో.
"రాసే ఉంది కదమ్మా."

రాసే ఉంది.
అబద్ధమాడే తక్కెడని
నేను పది అడుగుల దూరం నుంచి పట్టేదాన్ని.
నిజం రాసి మరీ దోచుకునేదాన్ని
ఎక్కడ పట్టుకోవాలి, ఏ చెయ్యి?

ఆ పద్నాలుగు గ్రాములూ ఎటు పోయినట్టు?
పిల్లవాడి నెత్తుట్లోకి కాదు,
అక్కడ ఎక్కువే ఉందన్నారు.
మా నుంచి కొసరు తీసుకుంటున్నారు,
అదే సంగతి,
తక్కెడ వంపు అటు తిరిగింది.

సరే, కొన్నాను.
వాడు ఏడుస్తాడని కొన్నాను,
నర్సు ముందు చెప్పను.
కొండ రైలుపెట్టెలో పైకి వెళ్తుంటే
వాడు పొట్లం చింపి, లోపలి ప్లాస్టిక్ గళ్లు చూపించాడు,
చివరి గడి ఖాళీ.
"ఇక్కడ ఎవరు తినేశారు?"

రాత్రి చిక్కుడు గింజలు వండాను.
వాడి పళ్లెంలో ఒక గరిటె వేసి
పైన ఇంకో అర గరిటె వేశాను.
"ఇదెందుకు?" అన్నాడు.
యాపా, అన్నాను.
ఆ మాట వాడు ఎప్పుడూ వినలేదు.
నోట్లో చెంచా పెట్టుకుని
నా మొహంలోకి చూస్తూ ఉన్నాడు,
ఒటీలియా చూసినట్టే.