మాఫీ అడిగిన ప్రశ్నలు

కోటుకు ఆరు గుండీలు.
ఆరూ తెగేలోగా ఆరు ప్రశ్నలు.
అదీ మా లెక్క.

గైడు బేలుకు ఆనించి ఉంటుంది,
పేజీ ఎగరకుండా పైన ఒక ఇత్తడి జిప్పు.
నేను రంగులు వేరు చేస్తూ అడుగుతాను,
అక్క కత్తిపీట మీద వంగి చెబుతుంది.

"మొదటి పానిపట్టు?"
"పదిహేను వందల ఇరవై ఆరు. ఏప్రిల్ ఇరవై ఒకటి."
టప్. గుండీ డబ్బాలో పడింది.
"రెండోది?"
"యాభై ఆరు, నవంబర్ ఐదు. కంట్లో బాణం."
టప్.
"బాణం సంగతి నేనడగలేదు."
"తెలిసింది చెప్పాను, దానికీ మార్కు కోస్తావా?"

ఆ ఊరే మాది.
దక్షిణాది లారీ డ్రైవర్ ఒకాయన చెప్పాడు,
వాళ్ల భాషలో మా ఊరి పేరు చివర పట్టు ఉందట.
నవ్వాపుకోలేకపోయాం.
మోకాళ్ల దాకా చింకి ఉన్ని,
ముక్కు చీదితే ఏ రోజు ఏ రంగు కోశామో తెలిసిపోతుంది.

మాకు ముందు ముగ్గురు అక్కలు.
నాలుగోదాన్ని చూసి నాయనమ్మ 'భతేరీ' అంది.
మా మాటలో, చాలు, ఇక చాలు అని.
దేవుడికి వినపడలేదు.
నేను పుట్టాను.
'మాఫీ' అని పెట్టారు. తప్పయింది, మన్నించు.
ఆ తర్వాత పుట్టినవాడికి
పంతులుగారిని పిలిచి పేరు పెట్టారు.

"వర్సేల్స్ సంధి ఎవరెవరి మధ్య?"
"నీకూ నాయనమ్మకూ."
"తప్పు."
"అయితే ఇంకా సంతకాలు కాలేదేమో."

కాండ్లా రేవులో దిగి వస్తాయి బేళ్లు.
ఎవరో చలికి తొడిగి, ఎవరో విసుగేసి విడిచినవి.
జేబులు వెతకడం నా పని.
ట్రామ్ టికెట్టు, ఎండిన నారింజ తొక్క,
పసివాడి చేతి తొడుగు, ఒకటే.
బెర్లిన్ గోడ ఎప్పుడు కూలిందో అక్కకు తెలుసు.
ఆ తొక్క ఎవరు ఒలిచారో
నాలుగు ఆప్షన్లు ఇచ్చినా ఎవరు చెప్పగలరు.

పోయిన మాఘంలో మున్షీ నన్ను తిట్టాడు.
బూడిదరంగు కుప్పలో నీలం స్వెటరు కలిపేశానని.
అప్పటికే మెషిను నమిలేసింది.
దారమైంది, దుప్పటైంది,
వెయ్యి దుప్పట్ల కట్టలో లారీ ఎక్కింది.
సగం రోజు కూలి పోయింది, అంతే.

తర్వాతొక రాత్రి టీవీలో గుడారాలు.
గైడులోకి ఇంకా ఎక్కని యుద్ధం.
ఊరి పేరు చదివింది గానీ అమ్మాయి,
నాకు నోరు తిరగలేదు.
ఒక ముసలామె దుప్పటి కప్పుకుని
గిన్నె పట్టుకుని వరసలో నిలబడింది.
బూడిదరంగు దుప్పటి.
భుజం దగ్గర నీలం చార.

"అక్కా, చూడు."
చూసింది.
"నీదే అంటావా?"
"కాదేమో."
"కాదులే. ప్రపంచంలో నీలం ఎంత లేదు."
అని,
ప్రకటనలు వచ్చేదాకా కళ్లు తిప్పలేదు.
ఆ రాత్రి గైడు తెరవలేదు.

పట్వారీ పరీక్ష రోహ్‌తక్‌లో పడింది.
నాలుగింటి బస్సుకు వెళ్లి,
చీకటి పడ్డాక తిరిగొచ్చింది.
చెవిపోగులు తీయించారట, చున్నీ కూడా.
మర్నాడు పొద్దున్నే కత్తిపీట ముందు కూర్చుంది.

"మనూరి ప్రశ్న వచ్చిందే, మాఫీ."
"ఏం అడిగారు?"
"పానిపట్టు యుద్ధాలు ఎన్ని అని."
"పుణ్యమార్కు! మూడని పెట్టావుగా?"

కోటు తిరగేసింది.
లోపలి జేబు తడిమింది, అది నా పనైనా.

"చాలాసేపు పెట్టలేదు.
పక్కవాడు పేజీ తిప్పేశాడు,
గంట కూడా కొట్టబోతున్నారు."

"మరి?"

"మూడే పెట్టాను.
మార్కు కావాలిగా."

టప్.
టప్.
ఆ కోటుకు ఐదే గుండీలు.
ఆరోదాని చోట
ఎవరో కుట్టబోయి వదిలేసిన దారం.