పీటర్‌హెడ్‌లో మధ్యాహ్నం

ఆ రాత్రి టీవీలో ఆమె మీద రాలిన
బంగారు కాగితపు తునకల్లో ఒకటి
ఇంకా ఉంది, గిటారు పెట్టె అడుగున,
తెగిన తీగల కింద.
తొమ్మిదేళ్లు.

మొదటి ఏడాది నల్ల కార్లొచ్చేవి,
తలుపు ఇంకొకరు తీసేవారు.
మరుసటేడు కంపెనీ నుంచి ఉత్తరం,
రెండే వాక్యాలు.
ఇప్పుడు నా వ్యాను. హీటరు పనిచేయదు.
కీబోర్డు వాయించేదీ నేనే, పెట్రోలు రసీదులు దాచేదీ నేనే.

ఇవాళ పీటర్‌హెడ్‌లో, బింగో హాల్లో.
పోస్టరు మీద 'టీవీ విజేత' బారెడంత,
మార్సలీ అన్న పేరు బెత్తెడు, అదీ తప్పు.
పెన్ను తీసి ఒక్క అక్షరం దిద్దింది, అంతే.

రెండో పాట మధ్యలో
ఎవరో "ఫుల్ హౌస్!" అని కేకేశారు.
హాలంతా చప్పట్లు.
మార్సలీ తనకే అన్నట్టు తలవంచి
చరణం అందుకుంది.

తర్వాత ఒక ముసలావిడ, చేతికర్రతో:
"చేపల షెడ్డులో మూడో బల్ల దగ్గర
కత్తి ఆడిస్తూ పాడేదానివి నువ్వే కదూ?
నీ గొంతు వినాలని మేస్త్రీ రేడియో కట్టేసేవాడు."
టీవీ సంగతి ఆమెకు తెలీదు.
మార్సలీ బొటనవేలి మీది పాత గాటు చూపించింది.
ముసలావిడ తన అరచెయ్యి తిప్పింది.
చాలాసేపు గాట్లే లెక్కపెట్టుకున్నారు,
నేను వైర్లు చుట్టడం అయిపోయినా.

తిరుగుదారిలో, అద్దం నిండా ఉప్పు.
ఎంతిచ్చారని నేనడగలేదు.
తనలో తను ఏదో పాడుతోంది,
నాకు రాని పాట.
ఆ చలిలో
ఒక్కో మాటా ఆవిరై కనిపిస్తోంది.