పక్షితుంటి

ఆదివారాలు నేను పళ్లు పీకను.
వింటన్ ఊరి బయట రేకుల షెడ్డులో
గాలిసూదితో రాయి గీకుతూ కూర్చుంటాను.
మిగతా వారమంతా గొర్రెల ఫారం వాళ్ల చిగుళ్లు,
లారీ డ్రైవర్ల జ్ఞానదంతాలు.
ఇక్కడైతే నోరు తెరవమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

ఇక్కడిదీ నల్లరేగడే.
వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చి,
తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల ఎముకని
మెల్లగా పైకి నెడుతుంది,
అన్నంలో రాయిని నాలుక తోసినట్టు.

గ్లెనిస్ నా గురువు.
నలభై ఏళ్లు ఉన్ని కత్తిరించేవాళ్లకి వండి పెట్టిన మనిషి.
"ఆకులు తినేవాళ్లని రెండు బంతుల్లో కూచోబెట్టు.
ఇటు మింగేవాళ్లు, అటు నమిలేవాళ్లు."

మింగేవాళ్లది బల్లితుంటి.
మెడ తాడిచెట్టంత, తల చూస్తే గుర్రం తలంత.
పళ్లు కొమ్మని దూసి వదిలేస్తాయి, అంతే.
తక్కిన చాకిరీ పొట్టది:
లోపల రోజుల తరబడి ఆకులు పులిసే గోలెం.
వెన్నుపూసల్లో గాలిగదులు లేకపోతే
ఆ మెడ లేచేదే కాదు.

నమిలేవాళ్లది పక్షితుంటి.
జఘనాస్థి వెనక్కి వాలి
పేగులకి చోటిచ్చింది.
కింది దవడ కొసన ఒక ఎముక ఎక్కువ,
ముక్కుకి పునాదిరాయి.
ఆ వంశంలో తప్ప ఇంకెవరికీ లేదది.
బుగ్గలు కూడా ఉండొచ్చు.
ఆ "ఉండొచ్చు"ని గ్లెనిస్ ఒత్తి పలుకుతుంది.

తమాషా ఏమిటంటే
పక్షులు పుట్టింది పక్షితుంటివాళ్లకి కాదు,
బల్లితుంటివాళ్లలో మాంసం తినే శాఖకి.
రేకుల మీద గోల చేస్తున్న ఈ గులాబీ కాకటూలకి
చెప్పినా పట్టదు.
ఎవరో ఎముక వాలు చూసి ఇంటిపేరు పెట్టేశారు.
ఇప్పుడు మార్చాలంటే అందరికీ మొహమాటం.

మొన్న పదిహేడో సొరుగు తీశాను.
విరిగిన పన్ను, కింద చీటీ: "మింగేవాళ్లది."
మెర్వ్ చేతిరాత. జూన్ చలిలో పోయాడు మెర్వ్.
భూతద్దం కింద పెడితే
పంటి మీద ఏటవాలుగా నున్నటి అరుగుదల.
"రాత్రిళ్లు పళ్లు నూరే మనుషుల్ని రోజూ చూస్తాను.
ఇది నమిలింది, గ్లెనిస్."
"మింగేవాళ్ల పళ్లూ అరుగుతాయి."
"అరుగుతాయి. మరి ఈ నిలువు గట్లు?"

ఆమె చాలాసేపు చూసింది.
టీ చల్లారిపోయింది.
మెర్వ్ చీటీ చించలేదు,
దాని మీదే ఇంకో చీటీ పెట్టింది.
"పెన్సిల్‌తో రాయి" అంది,
"ప్రశ్నార్థకం మర్చిపోకు."

సోమవారం మొదటి పేషెంటు,
గడ్డం నిండా దుమ్ముతో ఒక బోరుబావుల మెకానిక్.
నోరు తెరిచాడు.
కింది దవడ కొసన వేలు పెట్టి తడిమాను.
ఎక్కడ నొప్పో చెప్పలేదేమని అడిగాడతను.
అక్కడ ఏమీ ఎక్కువ లేదు.